రైన్‌బెక్ ఉన్ని జాతర: నలుగురు కలిసి వెళ్లి, ఒక గొర్రె ఉన్ని పంచుకుని రావడం ఎలా

ఏటా అక్టోబరు మూడో వారాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని రైన్‌బెక్ అనే చిన్న ఊళ్లో గొర్రెలు, ఉన్ని జాతర జరుగుతుంది. హడ్సన్ నదికి దగ్గర్లో ఉన్న డచెస్ కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్ దానికి వేదిక. అసలు పేరు న్యూయార్క్ స్టేట్ షీప్ అండ్ వూల్ ఫెస్టివల్. అల్లికలవాళ్లు మాత్రం ఊరి పేరుతో 'రైన్‌బెక్' అనే పిలుస్తారు. గొర్రెల పెంపకందారులు, రంగులు వేసేవాళ్లు, వడికేవాళ్లు, నేసేవాళ్లు అంతా ఆ రెండు రోజులూ అక్కడే ఉంటారు. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

చాలామంది వెళ్తారు, నాలుగు దారపు చుట్టలు కొంటారు, సైడర్ డోనట్ (యాపిల్ రసం కలిపి చేసేది) తింటారు, వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ ఆ జాతర ఇవ్వగలిగింది అంతకన్నా చాలా ఎక్కువ. మా సలహా: నలుగురు జట్టుగా వెళ్లండి, నలుగురూ కలిసి ఒకే గొర్రె ఒంటి మీద ఉన్ని మొత్తం, అంటే ఒక ఫ్లీస్, కొనండి. దారం కొంటే ఆ పని ఆ రోజుతో అయిపోతుంది. ఫ్లీస్ కొంటే ఏరాలి, ఉతకాలి, ఏకాలి, వడకాలి. ఇవన్నీ ఒక్కరే చేస్తే విసుగు, నలుగురు చేస్తే ఏడాదంతా కలుసుకోవడానికి ఒక కారణం. ఆ దారిలో ఏ నెలలో ఏం చేయాలో కింద రాశాం.

మొదటి మెట్టు: జట్టు, బస, టికెట్లు (జనవరి నుంచి మే వరకు)

నలుగురే ఎందుకంటే ఒక కారులో నలుగురూ, ఒక ఫ్లీసూ పడతాయి. ఆరుగురైతే రెండు కార్లు, రెండు గుంపులు, భోజనం దగ్గరే గంట పోతుంది. నలుగురిలో ఒక్కరికైనా కదురు మీద గానీ రాట్నం మీద గానీ వడకడం వచ్చి ఉండాలి, లేదా నేర్చుకునే పట్టుదల ఉండాలి. మిగతావాళ్లు అల్లికవాళ్లైనా, క్రోషేవాళ్లైనా సరే.

బసతోనే చిక్కంతా. రైన్‌బెక్‌లో గదులు కొద్దిగానే ఉంటాయి, అవి చాలా ముందే నిండిపోతాయి. నది అవతల కింగ్‌స్టన్, దక్షిణాన హైడ్ పార్క్, పకీప్సీ చూడండి. రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదినే తీసుకోండి, ఎందుకంటే నలుగురిలో ఒకరి ప్రయాణం మారడం మామూలే. రైలైతే న్యూయార్క్ పెన్ స్టేషన్ నుంచి ఆమ్‌ట్రాక్‌లో రైన్‌క్లిఫ్ స్టేషనుకు గంటా నలభై నిమిషాలు పడుతుంది. అక్కడి నుంచి జాతర మైదానం కొద్ది మైళ్లే. కానీ ఆ శనివారం టాక్సీ అప్పటికప్పుడు దొరుకుతుందని నమ్ముకుని దిగొద్దు, ముందే మాట్లాడుకోండి. మెట్రో నార్త్ రైలు పకీప్సీతో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంకా చాలా దూరం ఉంటుంది.

ఇంకొకటి, క్యాలెండరు చూడండి. కొన్నేళ్లు జాతర దీపావళికి ఆనుకుని పడుతుంది. 2025లో జాతర అక్టోబరు 18, 19 తేదీల్లో, దీపావళి 20న వచ్చాయి. అలాంటి ఏడాది శనివారం ఒక్కరోజే వెళ్లి రాత్రికి ఇంటికి చేరేలా అనుకుంటే, ఆదివారం పిండివంటల పనికి ఎవరూ హడావిడి పడక్కర్లేదు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనేయండి. పెంపుడు కుక్కల్ని లోపలికి రానివ్వరు కాబట్టి వాటి సంగతి కూడా ఇంటి దగ్గరే చూసుకోవాలి.

రెండో మెట్టు: స్వెటర్ (జూన్ నుంచి సెప్టెంబరు వరకు)

రైన్‌బెక్‌కు కొత్త స్వెటర్ అల్లుకుని వెళ్లడం అక్కడి ఆనవాయితీ. దాన్ని 'రైన్‌బెక్ స్వెటర్' అనే అంటారు. మనకు కొత్తవాళ్లతో మాట కలపాలంటే మొహమాటం, ఈ స్వెటర్ ఆ పని తేలిక చేస్తుంది. "మీరే అల్లారా? ఏ ప్యాటర్న్? ఏ దారం?" అనే మూడు ప్రశ్నలతో ఆ మైదానంలో ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడొచ్చు. జట్టులో నలుగురూ ఒకే ప్యాటర్న్‌ను నాలుగు రంగుల్లో అల్లితే గుంపులో ఒకరినొకరు పోల్చుకోవడమూ సులువు.

పెద్దవాళ్ల మధ్యస్థ సైజుకు, వర్‌స్టెడ్ అనే మధ్యస్థ మందం దారమైతే 1,000 నుంచి 1,200 గజాలు కావాలి. 100 గ్రాముల చుట్టలో సుమారు 200 గజాలు ఉంటాయి, అంటే ఐదు లేదా ఆరు చుట్టలు. ఆరే కొనండి, అన్నీ ఒకే డై లాట్‌వి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి. చేత్తో రంగు వేసిన దారమైతే ఒకే లాట్‌లో కూడా చుట్టకూ చుట్టకూ తేడా ఉంటుంది. అలాంటప్పుడు రెండు చుట్టల్ని ప్రతి రెండు వరసలకూ మార్చుకుంటూ అల్లాలి, లేకపోతే పొట్ట మధ్యలో గీత గీసినట్టు రంగు మారి కనిపిస్తుంది.

స్వాచ్, అంటే కొలత కోసం ముందుగా అల్లే నమూనా ముక్క, మానేయొద్దు. 15 సెంటీమీటర్ల చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. ప్యాటర్న్ 20 కుట్లు అడిగి మీకు 18 వచ్చాయనుకోండి. ఛాతీ 100 సెంటీమీటర్లు రావడానికి 200 కుట్లు వేసిన స్వెటర్ 111 సెంటీమీటర్లకు సాగుతుంది. రెండే కుట్లు కదా అని వదిలేస్తే ఒక సైజు దాటిపోతుంది. సూపర్‌వాష్ ఉన్నితో ఇంకా జాగ్రత్త: ఉన్ని పోగు మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకోకుండా చేసిన దారం అది, అందుకే తడిస్తే కిందికి జారుతుంది. ఉతకని స్వాచ్ కొలత దానికి పనికిరాదు.

రోజుకు గంట చొప్పున అల్లేవాళ్లు పైనుంచి కిందికి వచ్చే స్వెటర్‌ను జూన్ ఆఖర్లో మొదలుపెట్టాలి. జులై ఆఖరుకు మెడ, యోక్ (భుజాల చుట్టూ ఉండే భాగం) అయిపోవాలి. ఆగస్టుకు ఒళ్లు, సెప్టెంబరు 20 నాటికి చేతులు. దాదాపు అందరూ చిక్కుకునేది చేతుల దగ్గరే. ఒళ్లు అయిపోగానే స్వెటర్ అయిపోయినట్టే అనిపిస్తుంది, కానీ మొత్తం అల్లికలో మూడోవంతు చేతుల్లోనే ఉంటుంది. పైగా ఒళ్లంత వదులుగా చేతుల అల్లిక రాదు, చిన్న చుట్టులో కుట్లు బిగుసుకుంటాయి. అవసరమైతే పావు మిల్లీమీటరు పెద్ద సూది వాడండి. అక్టోబరు మొదటి వారం తడిపి, కొలతకు పరిచి ఆరబెట్టడానికి. మందపాటి ఉన్ని పూర్తిగా ఆరడానికి మూడు రోజులు పట్టొచ్చు.

హడ్సన్ లోయలో అక్టోబరు మధ్యన పొద్దున 5 డిగ్రీల చలి ఉండి, మధ్యాహ్నం 15 డిగ్రీల ఎండ కాయొచ్చు. చంకీ, అంటే బాగా మందపాటి, దారపు స్వెటర్ పదకొండు గంటలకే ఉక్కపోత. వర్‌స్టెడ్ లేదా దానికన్నా కాస్త సన్నటి డీకే మందం, లోపల పలచని నూలు చొక్కా సరిపోతాయి.

మూడో మెట్టు: సంచి సర్దడం

నగదు కొంత, ఎందుకంటే జనం ఎక్కువైతే ఫోన్ సిగ్నల్ మందగించి కార్డు యంత్రాలు మొరాయిస్తాయి. కొలత టేపు. ఫ్లీస్ కోసం పాత దుప్పటి కవరు లేదా పెద్ద నూలు సంచి. స్వెటర్‌కు ఎన్ని గజాలు కావాలో, ఇంట్లో ఏ రంగులున్నాయో రాసుకున్న కాగితం. పేరు బిళ్ల: పేరు, ఊరు, రావెల్రీ (అల్లికలవాళ్ల వెబ్‌సైట్) ఖాతా ఉంటే ఆ పేరు.

తిండి సంగతి: అక్కడ వేడివేడి సైడర్ డోనట్లు, వేయించిన ఆర్టిచోక్, గొర్రెమాంసం వంటలు ఉంటాయి, వాటికి వరసలు చాలా పొడుగు. శాకాహారులకు ఎంపిక తక్కువ. పులిహోర పొట్లాలు కట్టుకెళ్లండి, పాడవదు, చల్లారినా బాగుంటుంది. రెండు పొట్లాలు ఎక్కువే కట్టండి. పక్కన గడ్డి మీద కూర్చున్నవాళ్లకు ఒక ముద్ద పెట్టడం కన్నా మంచి పరిచయం ఏముంటుంది? వేరుశనగ పడనివాళ్లు అక్కడ చాలామంది ఉంటారు కాబట్టి ఒక పొట్లం పల్లీలు లేకుండా చేయండి, ఇచ్చేముందు అడగండి.

నాలుగో మెట్టు: శనివారం పొద్దున, ఫ్లీస్ ఎంచుకోవడం

తొమ్మిది దాటితే రూట్ 9 మీద కార్లు బారులు తీరతాయి. గేట్లు తెరిచేలోపే అక్కడుండాలి. లోపలికి వెళ్లగానే నలుగురూ రెండు సమయాలు, ఒక చోటు అనుకోండి: ఉదాహరణకు పదకొండున్నరకు, మూడింటికి, ఒక గేటు దగ్గర. సిగ్నల్‌ను నమ్ముకుని "ఫోన్ చేసుకుందాం" అనుకున్న జట్లే ఎక్కువగా విడిపోతాయి. ఆ తర్వాత ఇద్దరు నేరుగా సంచుల్లో ఫ్లీసులు అమ్మే చోటికి, ఇద్దరు దారం దుకాణాలకు. మంచి ఫ్లీసులు తొలి గంటల్లోనే పోతాయి.

ముందే ధర పరిమితి, జాతి అనుకుని వెళ్లాలి. కొత్త జట్టుకు రోమ్నీ లేదా కొరిడేల్ మంచివి: పోగు నాలుగైదు అంగుళాలు ఉంటుంది, ఏకడానికీ వడకడానికీ లొంగుతుంది. మెరీనో చేతికి మెత్తగా ఉందని ఎగబడొద్దు. పోగు పొట్టి, జిడ్డు ఎక్కువ, ఉతికేటప్పుడు తొందరగా ముద్దకడుతుంది, ఏకేటప్పుడు తెగి గింజలు గింజలుగా తేలుతుంది. బరువు లెక్క కూడా తెలిసి ఉండాలి. ఆరు పౌన్ల రోమ్నీ ఉతికితే పావువంతు తగ్గి నాలుగున్నర పౌన్లు మిగులుతుంది, తలా అర కిలో. ఆరు పౌన్ల మెరీనో సగానికి సగం పోవచ్చు, అప్పుడు తలా 340 గ్రాములే. పౌను 16 డాలర్లనుకుంటే రెండింటికీ మనిషికి 24 డాలర్లే, చేతికొచ్చేది మాత్రం ఒకటి కాదు.

సంచి నచ్చితే అక్కడున్నవాళ్లను అడిగి, మూడు చోట్ల నుంచి ఒక్కో పాయ తీయండి. పెన్సిలు మందం పాయ చాలు. రెండు చివరలూ రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర పెట్టి ఒక్కసారి చటుక్కున లాగండి. తీగ మీటినట్టు 'టింగ్' మంటే పోగు బలంగా ఉంది. చిటపటమంటే, లేదా మధ్యలో ఒకే చోట తెగితే, ఆ సంచి వదిలేయండి. గొర్రెకు జ్వరం వచ్చినా, ఈనినా, మేత చాలకపోయినా ఆ రోజుల్లో పెరిగిన పోగు సన్నబడుతుంది, అక్కడే తెగుతుంది. ఉతకడం, ఏకడం దాన్ని బాగుచేయలేవు, ఏకేటప్పుడు అంతా ముక్కలవుతుంది. ఈనడానికి కాస్త ముందు కత్తిరించిన గొర్రె ఉన్నికి ఈ బెడద తక్కువ, బలహీనమైన చోటు పాయ మధ్యలో కాకుండా చివరకు పోతుంది కాబట్టి.

తర్వాత కత్తిరించిన వైపు వేళ్లతో తడమండి. పావు అంగుళం, అర అంగుళం తుంపులు రాలుతున్నాయంటే కత్తెర ఒకే చోట రెండుసార్లు నడిచిందన్నమాట. కొద్దిగా ఉంటే దులిపేయొచ్చు, ఎక్కువైతే దారం నిండా ఉండలే. గడ్డి పరకలు పొడుగ్గా ఉంటే ఊడిపోతాయి. నలిగిన ఎండుగడ్డి పొడి, ముళ్ల గింజలు ఉంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే, అంతుండదు. అందుకే కొందరు గొర్రెలకు ఏడాదంతా గుడ్డ తొడుగు వేసి పెంచుతారు. ఆ ఉన్ని ఖరీదు, కానీ తొలిసారి కొనేవాళ్లకు ఆ ఎక్కువ డబ్బు దండగ కాదు. లేత పసుపు ఉతికితే పోతుంది, ముదురు నిమ్మపండు రంగు మచ్చ పోదు.

ఐదో మెట్టు: కాపరులతో, పక్కవాళ్లతో మాట కలపడం

కాపరి అక్కడే ఉంటే అడగాల్సినవి: గొర్రె వయసెంత? ఏ నెలలో కత్తిరించారు? ఎన్ని నెలల ఉన్ని? తొడుగు వేశారా? పేరేమిటి? ఆఖరి ప్రశ్న వేళాకోళం కాదు, చాలామంది తమ గొర్రెల్ని పేరుతోనే పిలుస్తారు, ఆ పేరు సంచి మీద రాసి ఉండొచ్చు కూడా. బేరం ఆడొద్దు. ఏడాది మేత, వైద్యం, కత్తిరింపు కూలి లెక్కేస్తే ఆ ధరలో మిగిలేది తక్కువ. అంతకన్నా వాళ్ల చిరునామా తీసుకుని మళ్లీ కొంటామని చెప్పడం వాళ్లకు నిజంగా అక్కరకొస్తుంది.

గొర్రెల కొట్టాల్లో చేయి చాచేముందు అడగాలి. పోటీకి తీర్చిదిద్దిన గొర్రె ఉన్నిలో వేళ్లు పెడితే వాళ్ల పని చెడుతుంది. ఎదుటివాళ్ల స్వెటర్‌కూ అదే మర్యాద: ముందు మాట, తర్వాత చేయి, ఫోటో తీసేముందు అనుమతి. మధ్యాహ్నం మైదానంలోని పచ్చిక దిబ్బ మీద గుంపులు గుంపులుగా కూర్చుని అల్లుకుంటూ ఉంటారు. దుప్పటి పరుచుకుని అక్కడ కూర్చోండి. దుకాణాల్లో అందరూ తొందరలో ఉంటారు, సావకాశంగా మాట్లాడేది దిబ్బ మీదే. ఒక్కరే వచ్చినవాళ్లు కనిపిస్తే పిలిచి కూర్చోబెట్టుకోండి. తొలిసారి వచ్చినవాళ్లలో చాలామంది అలా ఒకరు పిలవడం కోసమే చూస్తుంటారు.

మీ ఇంట్లో గొంగడి ఉంటే తీసుకెళ్లండి. దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేసిన గొంగడి అక్కడివాళ్లకు కొత్త. తెలంగాణలో కురుమలు తరతరాలుగా చేస్తున్న పని అదని, అది ఒంటికి మెత్తగా ఉండటానికి కాదని, వానకూ చలికీ రాత్రి పడకకూ ఒకటే బట్టగా పనికొచ్చేలా నేస్తారని చెప్పండి. మాంసం కోసం ఉన్ని లేని జాతులతో సంకరం చేయడంతో దక్కనీ మందలు తగ్గాయని కూడా చెప్పండి. పాత జాతుల్ని కాపాడుకోవడానికి పాటుపడే పెంపకందారులు ఆ మైదానంలో ఉంటారు, ఈ మాట వాళ్లకు వెంటనే తగులుతుంది. మెత్తదనమే ఉన్నికి కొలమానమని అనుకునేవాళ్ల ముందు గొంగడి పరిచి చూపించడం మాకు చాలా ఇష్టమైన పని.

ఆరో మెట్టు: పంపకం

తూకం ఒక్కటే చూసి నాలుగు భాగాలు చేయడంతోనే మనస్పర్థలు మొదలవుతాయి. ఒకే గొర్రె ఒంటి మీద భుజాల ఉన్ని మెత్తన, పక్కలది మధ్యస్థం, తొడలది గరుకు, మెడ దగ్గర గడ్డి ఎక్కువ. సంచిలోంచి తీస్తే అంతా కలగలిసి వస్తుంది. అందుకే పాత దుప్పటి మీద పరిచి, చేతికి తగిలే మెత్తదనాన్ని బట్టి మూడు కుప్పలు పెట్టండి, పేడ అంటినవి, ముద్దకట్టినవి పక్కన పడేయండి. ఇప్పుడు ఒక్కో కుప్పను వంటింటి తూకంతో నాలుగు చేయండి. ప్రతి ఒక్కరికీ మూడు రకాలూ వస్తాయి. భాగాలు చేసినవాళ్లు ఆఖరున తీసుకోవాలి, ఆ ఒక్క నియమంతో ఎవరికీ అనుమానం రాదు.

ఈ పని వారం లోపు చేయాలి. ఉతకని ఉన్ని ప్లాస్టిక్ సంచిలో వెచ్చగా ఉంటే చెమ్మ పట్టి వాసనేస్తుంది, చిమటలకూ అదంటే ఇష్టం. ఇంట్లో ఉన్న మిగతా దారానికి దూరంగా పెట్టండి. ఉతకని ఉన్నిని ఇండియాకు పట్టుకెళ్లే ఆలోచన వద్దు, జంతు సంబంధ సరుకుకు క్వారంటైన్ నియమాలు అడ్డొస్తాయి.

ఏడో మెట్టు: ఉతుకుడు రోజు

ఎవరో ఒకరి ఇంట్లో అందరూ కలిసి చేయండి. ముందురాత్రి ఉన్నిని చల్లటి నీళ్లలో నానబెడితే చెమట ఉప్పు, మట్టి సగం దిగిపోతాయి. పొద్దున 250 గ్రాముల చొప్పున జాలీ సంచుల్లో వదులుగా పెట్టండి. ఒక్కో సంచికి 10 లీటర్ల టబ్బు, 60 నుంచి 65 డిగ్రీల నీళ్లు, రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే ద్రవం. ముందు నీళ్లు, తర్వాత సబ్బు, ఆఖరున ఉన్ని. నీళ్లు ఎప్పుడూ ఉన్ని మీద పోయకూడదు. సంచిని మెల్లగా ముంచి 20 నిమిషాలు వదిలేయండి. కలపొద్దు, పిండొద్దు, నలపొద్దు. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దయిపోతుంది, మళ్లీ విడదీయలేం.

నీళ్లు 45 డిగ్రీలకు దిగకముందే సంచి తీసేయాలి. ఉన్నిలోని జిడ్డు 40 డిగ్రీల ప్రాంతంలో గడ్డకడుతుంది, చల్లారేదాకా వదిలితే కరిగిన జిడ్డంతా మళ్లీ ఉన్నికే అంటుకుని బంకగా మారుతుంది. రెండోసారి సగం సబ్బుతో, తర్వాత రెండుసార్లు అదే వేడి ఉన్న వట్టి నీళ్లతో. జిడ్డు నీళ్లు సింకులో పోస్తే పైపుల్లో పేరుకుంటుంది, చల్లారాక బయట చెట్ల మొదట్లో పోయండి. సంచినే మెల్లగా నొక్కి, తువ్వాల్లో చుట్టి, జాలీ మీద గాలి తగిలేచోట రెండు రోజులు ఆరబెట్టండి.

ఆరాక నలుగురికీ నాలుగు పనులు తోస్తాయి. ఒకరు వడికి దారం చేస్తారు, ఒకరు ఫెల్ట్ (ఉన్నిని కావాలనే ముద్దకట్టించి చేసే దళసరి బట్ట) చేస్తారు, ఒకరు చిన్న మగ్గం మీద నేస్తారు, ఒకరు రంగులు వేస్తారు. నెలకొక ఆదివారం కలిసి ఎవరి పని ఎంతదాకా వచ్చిందో చూసుకోండి. కొత్తవాళ్లకు కదురు పట్టించేది ఆ ఆదివారాల్లోనే, జాతరలో అంత తీరిక ఉండదు. దిబ్బ మీద పరిచయమైనవాళ్లనూ పిలవండి.

ఫిబ్రవరిలో, వసంతపు కత్తిరింపులు మొదలుకాకముందే, ఆ కాపరికి ఒక ఉత్తరం రాయండి. గొర్రె పేరు, మీరు నలుగురూ చేసిన వస్తువుల ఫోటోలు, వచ్చే అక్టోబరుకు అదే గొర్రె ఫ్లీస్ మీకోసం తీసిపెట్టగలరా అన్న ప్రశ్న, ఎన్ని పౌన్ల వరకు తీసుకుంటారో, ఏ రోజు వస్తారో, అందులో ఉండాలి.